మంగళవారం క్లినిక్, 14416: ముట్లు ఆగే వయసులో మనసు బాగలేకపోతే ఇవి ఎంత పనికొస్తాయి?

నల్గొండ, పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి పల్లెల్లో నలభై ఐదు దాటిన ఆడవాళ్లకు నిద్ర పట్టక, ఊరికే ఏడుపొస్తూ, గుండె దడదడలాడుతూ, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకుండా ఉంటే పైసా ఖర్చు లేకుండా చూపించుకునే దారులు రెండున్నాయి. ఒకటి మంగళవారం మంగళవారం నడిచే ఆరోగ్య మహిళ క్లినిక్. రెండోది టెలీ మానస్ అనే సర్కారు మనసు వైద్య ఫోన్ సేవ, 14416 నంబరు. మొదటిది ఒంటిని బాగానే చూస్తుంది, మనసు సంగతి తనంతట తాను అడగదు. రెండోది మనసును వింటుంది, కానీ బీపీ చూడలేదు, రక్తం తీయలేదు. ఇక్కడి చీటీ అక్కడికి దానంతట అది పోదు. ఆ నడిమి పని పేషెంటే చేసుకోవాలి. చేసుకున్నవాళ్లకు ఈ రెండూ కలిసి పట్నంలో పెద్ద ఫీజు కట్టి చూపించుకున్నంత పని చేస్తాయి. చేసుకోనివాళ్లు ఐరన్ గోలీల పొట్లంతో ఇంటికొస్తారు.

మంగళవారం క్లినిక్

ఇది 2023 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, రాష్ట్రం మొత్తం మీద 100 సర్కారు దవాఖానలతో మొదలైంది. తర్వాత కేంద్రాలు పెంచారు. ఎనిమిది రకాల సేవల్లో మెనోపాజ్‌ను, అంటే ముట్లు ఆగే దశను, పేరు పెట్టి చేర్చడమే ఇందులో మెచ్చుకోవలసిన మొదటి సంగతి. అంతకుముందు పీహెచ్‌సీ లెక్కల్లో ఆడమనిషి అంటే గర్భిణి, బాలింత, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్న మనిషి. ఆ ఆపరేషన్ తర్వాత బతికే నలభై ఏళ్లకు రిజిస్టర్‌లో గడే లేదు.

అన్ని పీహెచ్‌సీల్లో ఈ క్లినిక్ ఉండదు. ఉన్నచోట కూడా లేడీ డాక్టర్ లీవులో ఉంటే ఆ మంగళవారం ఉత్తదే. అందుకని సోమవారం సాయంత్రం ఆశా అక్కకో ఏఎన్ఎంకో ఫోన్ చేసి రేపు డాక్టరమ్మ వస్తున్నారా, రక్తం తీస్తారా అని రెండు ముక్కలు అడిగి బయల్దేరండి. ఆధార్ కార్డు మర్చిపోవద్దు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్‌కు కూడా అది పనికొస్తుంది. చాయ్ తాగకుండా పరగడుపున పోతే షుగర్ పరీక్ష కూడా అదే పూట అయిపోతుంది.

అడిగి చేయించుకోవలసిన పరీక్షలు ఇవి: బీపీ, హిమోగ్లోబిన్ ఉండే పూర్తి రక్తపరీక్ష, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), పరగడుపు షుగర్, దొరికితే బీ12, విటమిన్ డీ. "మనసు బాగలేదంటే రక్తం ఎందుకు?" అని అడిగేవాళ్లు చాలామంది. ఎందుకంటే మనసు జబ్బులాగే కనిపించే ఒంటి జబ్బులు ఈ వయసులోనే ముసురుకుంటాయి. ముట్లు ఆగడానికి ముందు రెండు మూడేళ్లు కొందరికి రక్తం విపరీతంగా పోతుంది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. బాగా తగ్గితే నాలుగు మెట్లెక్కినా గుండె దడ, నీరసం, చిరాకు. థైరాయిడ్ ఎక్కువైతే చెమటలు, దడ, బుగులు, బరువు తగ్గడం. తక్కువైతే మబ్బు, మతిమరుపు, ఏడుపు, లావెక్కడం, ముట్టులో ఎక్కువ రక్తం పోవడం. మాంసం, పాలు తక్కువగా తినేవాళ్లలో బీ12 పడిపోతే తిమ్మిర్లతో పాటు మనసూ మందగిస్తుంది. వీటిని పక్కన పెట్టి ముందే మనసు గోలీ మొదలుపెడితే ఆర్నెల్లయినా సరైన ఫలితం కనిపించకపోవచ్చు. తర్వాత తిట్లు గోలీకి పడతాయి.

రక్తం పీహెచ్‌సీలో తీసి జిల్లా తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రానికి పంపుతారు. ఫలితం ఫోన్‌కు వస్తుంది. ఇక్కడే చిన్న చిక్కు. రిజిస్టర్‌లో రాయించే నంబరు చాలాసార్లు ముంబైలోనో హైదరాబాద్‌లోనో ఉన్న కొడుకుది. రిపోర్టు మెసేజ్ అతని ఫోన్‌లో నాలుగొందల మెసేజ్‌ల కింద పడి ఉంటుంది. ఇంట్లో ఉండే ఫోన్ నంబరే రాయించండి. లేదంటే తర్వాతి మంగళవారం పోయి కాగితం మీద రాయించుకోండి.

చేయించుకోవద్దని గట్టిగా చెప్పవలసిన పరీక్షలూ ఉన్నాయి. ప్రైవేట్ ల్యాబుల్లో "మహిళా హార్మోన్ ప్యాకేజీ" అని బోర్డులుంటాయి. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయోల్, ఏఎంహెచ్ అన్నీ కలిపి వేలల్లో గుంజుతారు. నలభై ఐదు దాటిన మనిషికి ముట్లు ముందూ వెనకా అవుతూ ఆవిర్లు (ఒంట్లోంచి ఒక్కసారిగా వేడి ఎగదన్నడం) వస్తుంటే అది మెనోపాజ్ దారే. దాన్ని చెప్పడానికి రక్తం అక్కరలేదు. ఎఫ్‌ఎస్‌హెచ్ ఈ దశలో వారానికో తీరుగా ఎగిరి పడుతుంది. ఒకసారి మామూలుగా వచ్చింది కాబట్టి "నీకేం లేదమ్మా" అనడానికి లేదు. ఏఎంహెచ్ పిల్లలు కావాలనుకునేవాళ్లకు చూసేది, నలభై ఎనిమిదేళ్ల మనిషికి దానితో పనేంటి? ఎఫ్‌ఎస్‌హెచ్ పనికొచ్చేది నలభై లోపే ముట్లు ఆగినవాళ్లకు, నలభై నుంచి నలభై ఐదు మధ్య అనుమానం ఉన్న కొందరికి. ఈ ప్యాకేజీకి ఐదులో ఒకటి ఇస్తే అదీ ఎక్కువే.

ఎముకల పరీక్ష సంగతి నల్గొండవాళ్లకు వేరుగా చెప్పాలి. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు బోరు నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాళ్ల ఎముకల్లో ఫ్లోరైడ్ చేరి ఉంటుంది. అలాంటివాళ్లకు డెక్సా స్కాన్ తీస్తే ఎముక గట్టిగానే ఉన్నట్టు అంకె రావచ్చు. ఫ్లోరైడ్ ఎముకను మందం చేస్తుంది గానీ బలం ఇవ్వదు. రిపోర్టు బాగుందని డాక్టర్ అంటే ఏ ఊరు, ఏ నీళ్లు తాగారు అనేది మీరే చెప్పండి. మెడ, నడుము, మోకాళ్లు పట్టేసిన నొప్పితో రాత్రిళ్లు నిద్ర లేకపోవడమూ మనసును తినేస్తుంది. దాన్ని మెనోపాజ్ ఖాతాలో వేస్తే వైద్యం తప్పుదారి పడుతుంది.

క్లినిక్‌లో అడగని రెండు ప్రశ్నలు

లైనులో యాభై మంది కూర్చుని ఉంటే ఏ డాక్టరమ్మకూ మనసు గురించి తీరిగ్గా అడిగే వ్యవధి ఉండదు. "ఒళ్లంతా గుంజుతుంది, తల తిరుగుతుంది, పాణం బాగుంటలేదు" అంటే చేతికొచ్చేది ఐరన్, కాల్షియం, నొప్పి గోలీ. తప్పు డాక్టర్‌ది కూడా కాదు, చెప్పిన మాటకు తగ్గ మందు అది. కాబట్టి ఈ రెండు ప్రశ్నలకు జవాబు ఇంట్లోనే రాసుకొని పోవాలి. గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఇష్టం, సంతోషం లేకుండా ఉందా? మనసు కుంగిపోయి, ఇక ఇంతేలే అన్నట్టు ఉందా? ఒక్కోదానికి అసలు లేకపోతే 0, కొన్ని రోజులుంటే 1, సగం రోజులకు మించి ఉంటే 2, దాదాపు రోజూ ఉంటే 3. రెండూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తే "నాకు తొమ్మిది ప్రశ్నల పరీక్ష చేయండి మేడం" అని అడగాలి. దాని పేరు పీహెచ్‌క్యూ-9, లెక్క 27కు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే ఓదార్పు మాటలతో సరిపెట్టే దశ దాటిపోయినట్టు.

ఆ కాగితం మీదే ఇంకో నాలుగు సంగతులు రాయండి. ఆఖరి ముట్టు ఏ నెలలో అయింది. పగలు ఆవిర్లు ఎన్నిసార్లు, రాత్రి చెమటతో ఎన్నిసార్లు మెలకువ. ఇప్పుడు వేసుకుంటున్న గోలీలు. ఇదివరకు, ముఖ్యంగా కాన్పు తర్వాత, మనసు ఇలాగే చెడి ఉందా. ఈ చివరిది ఎవరూ చెప్పరు. కానీ బాలింతతనంలో కుంగుబాటు వచ్చినవాళ్లకు ముట్లు ఆగే కాలంలో అది మళ్లీ తలెత్తే ముప్పు ఎక్కువ.

గర్భసంచి ఆపరేషన్ అయినవాళ్లు

మన దగ్గర ఈ ముచ్చట లేకుండా మెనోపాజ్ గురించి మాట్లాడటం కుదరదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్టకో, ఎక్కువ రక్తం పోతుందనో, క్యాన్సర్ అవుతుందన్న భయంతోనో ముప్పై ఐదేళ్లకే తీయించేసినవాళ్లు ప్రతి ఊళ్లో కనిపిస్తారు.

ఇక్కడ తెలుసుకోవలసింది ఒకటే: అండాశయాలు ఉంచారా, తీసేశారా? ఉంచి ఉంటే ముట్లు మాత్రమే ఆగుతాయి, హార్మోన్ ఇంకా వస్తుంది, మెనోపాజ్ మామూలు కంటే కొంచెం ముందుగా రావచ్చు. ముట్టు గుర్తు లేదు కాబట్టి అది ఎప్పుడొచ్చిందో మనిషికే తెలియదు. నలభై మూడేళ్లకు బుగులు, చెమటలు మొదలైతే "ఆపరేషన్ అప్పుడో అయిపోయింది కదా, ఇప్పుడేంటి" అనుకుంటుంది. రెండు అండాశయాలూ తీసేసి ఉంటే మత్తు దిగిన వారంలోనే హార్మోన్ కుప్పకూలుతుంది. సహజంగా నాలుగైదేళ్లలో జరగాల్సింది ఒక్కసారి జరుగుతుంది. ఆవిర్లు ఎక్కువ, నిద్ర చెడటం ఎక్కువ, కుంగుబాటు ముప్పూ ఎక్కువ. నలభై ఐదు లోపు ఇలా జరిగినవాళ్లకు, రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకి లేకపోతే, యాభై దాకా ఈస్ట్రోజెన్ హార్మోన్ ఇవ్వడం వైద్యంలో ఉన్న పద్ధతే. గర్భసంచి లేదు కాబట్టి దాని లోపలి పొరను కాపాడే ప్రొజెస్టిరాన్ హార్మోన్ మామూలుగా అక్కరలేదు.

డిశ్చార్జి కాగితంలో అండాశయాల మాట రాసి ఉంటుంది. కాగితం పోయిందంటే పొట్ట స్కాన్‌లో కొంతవరకు తెలుస్తుంది. క్లినిక్‌లో ఈ ప్రశ్న వాళ్లు అడగకపోతే మీరు ఎత్తండి.

ఎన్నాళ్లుంటుంది ఇది?

"ఆర్నెల్లు ఓపిక పట్టు, అదే పోతుంది" అనే మాట అమ్మలక్కల నోటా వినిపిస్తుంది, తెల్లకోటు నోటా వినిపిస్తుంది. ఇది తప్పు. అమెరికాలో 1996లో మొదలైన స్వాన్ అనే పెద్ద అధ్యయనం 42 నుంచి 52 ఏళ్ల మధ్య ఉన్న 3,302 మంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి వెంబడించింది. 2015లో వచ్చిన లెక్క ప్రకారం తరచుగా వచ్చే ఆవిర్లు, రాత్రి చెమటలు మధ్యస్థంగా 7.4 ఏళ్లు ఉన్నాయి. అందరికీ ఒకే తీరుగా లేవు. జపాన్ మూలాలవాళ్లకు 4.8 ఏళ్లయితే నల్లజాతి ఆడవాళ్లకు 10.1 ఏళ్లు. అంటే అక్కడ అందరికంటే ఎక్కువ కాలం బాధపడింది వాళ్లే. హార్మోన్ చికిత్స తక్కువ అందిందీ వాళ్లకే.

ఎందుకన్నదానికి ఒంట్లో ఏదో తేడా ఉందని తేల్చేస్తే సగం కథ పోతుంది. డబ్బు కటకట, వివక్ష, తెగని ఒత్తిడి కలిసి ఒంటిని వయసుకు ముందే అరగదీస్తాయని అర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లో నల్లజాతి తల్లుల ఆరోగ్యం మీద రాస్తూ ప్రతిపాదించింది. దానికి తోడు, ఎంత బరువైనా మోయాలి, కన్నీళ్లు బయటపడనీయొద్దు అనే గట్టి మనిషి ముద్ర వాళ్ల మీద ఉంటుంది. దాంతో మనసు జబ్బుకు వైద్యం అడగడమే ఆలస్యమవుతుంది. దేవరకొండ తండాల్లో, అచ్చంపేట వైపు కూలికి పోయే ఆడవాళ్ల దగ్గర ఈ మాట చెబితే అర్థం చేసుకోవడానికి వాళ్లకు ఎవరి వివరణా అక్కరలేదు.

ఇంకో ముడి కూడా ఉంది. స్వాన్‌లో చేరాలంటే గర్భసంచి ఉండాలి. అమెరికాలో గర్భసంచి ఆపరేషన్లు నల్లజాతి ఆడవాళ్లకే ఎక్కువ, అదీ చిన్న వయసులో. అలా చాలామంది మొదటి గడప దగ్గరే ఆగిపోయారు, వాళ్ల బాధ ఆ అంకెల్లోకి రాలేదు. భారతీయ మూలాలవాళ్లు ఆ అధ్యయనంలోని ఐదు గుంపుల్లో లేనేలేరు. కాబట్టి 7.4, 10.1 అన్న అంకెల్ని పాలమూరుకు తెచ్చి అంటించలేం. ఆర్నెల్లు మాత్రం కాదు, ఏళ్ల లెక్క అని తెలిస్తే వైద్యం ఆ లెక్కనే అడుగుతారు.

కల్లు సంగతి చెప్పకపోతే

ఈ జిల్లాల్లో ఆడవాళ్లూ సాయంత్రం కల్లు తాగుతారు, అందులో సిగ్గుపడేదేం లేదు. చిక్కల్లా కల్తీ కల్లుతో. అందులో కలిపేవి ఆల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్. రోజూ తాగే మనిషికి రెండు రోజులు కల్లు దొరకకపోతే చేతులు వణుకుతాయి, చెమటలు పోస్తాయి, నిద్ర రాదు, బుగులు పుడుతుంది, పిచ్చి మాటలు, ఒక్కోసారి ఫిట్స్. చెమట, దడ, నిద్రలేమి, బుగులు: అచ్చం మెనోపాజ్ లక్షణాలే. తేడా పట్టేదెలాగంటే, కల్లు తాగిన గంటలో అన్నీ సర్దుకుంటే అనుమానం కల్లు మీదే పెట్టాలి. మెనోపాజ్ ఆవిరి కొద్ది నిమిషాలుండి పోతుంది, మళ్లీ వస్తుంది. చేతుల వణుకు గంటల తరబడి ఉండదు.

ఇది దాచిపెడితే రెండు విధాలా ముప్పు. డాక్టర్ నిద్రకు ఇంకో ఆల్ప్రాజోలం రాస్తే కల్లులోదానికి ఇదీ తోడై ఊపిరి మందగించవచ్చు. లేదా ఇంట్లోవాళ్లు కల్లు ఒక్కసారి బంద్ పెడితే ఫిట్స్ వస్తాయి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్ల నుంచి అన్నది అదే కాగితం మీద రాయండి. మానడం కూడా జిల్లా దవాఖాన సైకియాట్రీ ఓపీ చూసి, మెల్లమెల్లగా తగ్గిస్తూ చేయించే పని.

14416

టెలీ మానస్ 2022 అక్టోబర్ 10న దేశమంతా మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. 14416 కలవకపోతే 1800-891-4416. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే సైకియాట్రీ డాక్టర్‌కు కలుపుతారు. 2024 అక్టోబర్‌లో వీడియోలో చూసే ఏర్పాటు కూడా మొదట కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది.

దీని బలం వేళ. ముట్లు ఆగే వయసులో బుగులు పుట్టేది రాత్రి రెండింటికి, చెమటతో లేచి కూర్చున్నప్పుడు. ఆ వేళకు తెరిచి ఉండే ఓపీ జిల్లాలో ఇంకోటి లేదు. వలస పోయి పుణెలో పని మీద ఉన్న పాలమూరు మనిషికి కూడా తెలుగులో మాట్లాడే గొంతు దొరుకుతుంది.

దీని బలహీనత, వాళ్లకు తెలిసేది మీరు చెప్పినంతే. ఫోన్ ఎత్తగానే కోడలు, అప్పు, మొగుడి తాగుడు మొదలుపెడితే ఇరవై నిమిషాలు దాని మీదే నడుస్తుంది. అవన్నీ నిజమే, కానీ ముట్ల మాట రాకుండానే కాల్ అయిపోతుంది. మొదటి నిమిషంలో ఇలా చెప్పండి: "నా వయసు నలభై ఎనిమిది. ముట్లు బందై ఎనిమిది నెలలైంది. రాత్రి మూడుసార్లు చెమటతోని మెలకువొస్తది. మూడు వారాల సంది ఏ పని చేయబుద్ధి అయితలేదు, ఊకె ఏడుపొస్తది. థైరాయిడ్ యాభై గోలీ ఏసుకుంటున్న. రక్తం పదకొండున్నది." ఇంత చెబితే అవతలి మనిషికి దారి దొరుకుతుంది. అప్పుల సంగతి తర్వాత చెప్పుకోవచ్చు.

ఫోన్ ఇంట్లో ఒక్కటే ఉండి, అదీ భర్త జేబులో ఉంటే? పొలం దగ్గరో, పత్తి ఏరే కాడ పగటి అన్నం వేళో చేసుకునేవాళ్లుంటారు. ఆశా అక్క ఫోన్ అడగడం మంచి దారి. గోడ అవతల వినే చెవులుంటే మనసులో మాట రాదు, అది ఏ హెల్ప్‌లైనూ తీర్చలేని కష్టం.

కాల్ చివర మూడు అడగాలి: నాకు డాక్టర్‌ను చూపించుకునే అవసరం ఉందా, ఏ దవాఖానలో ఏ రోజు ఓపీ, మళ్లీ మీరు నాకు ఎప్పుడు చేస్తారు. జవాబులు మంగళవారం కాగితం వెనక రాసుకోండి. ఐదు మార్కులకు మంగళవారం క్లినిక్‌కు మూడున్నర, 14416కు నాలుగు ఇస్తే న్యాయంగా ఉంటుంది. ఆ అర మార్కు తేడా రాత్రి రెండింటికి ఫోన్ ఎత్తినందుకు.

గోలీల దగ్గర తప్పేదెక్కడ

నల్గొండ, మహబూబ్‌నగర్ జనరల్ దవాఖానల్లో మెడికల్ కాలేజీలున్నాయి, సైకియాట్రీ ఓపీ ఉంటుంది. అక్కడ కుంగుబాటుకు ఎక్కువగా రాసేవి ఎస్సిటాలోప్రాం లాంటివి. వీటికి ఒక అదనపు లాభం ఉంది: ఎస్సిటాలోప్రాం, వెన్లాఫాక్సిన్ లాంటివి ఆవిర్లను కూడా కొంత తగ్గిస్తాయి. మొదటి వారం కడుపులో తిప్పినట్టు, తల బరువుగా, ఒక్కోసారి బుగులు కాస్త ఎక్కువైనట్టు ఉంటుంది. మనసు తేలికపడటం రెండు నుంచి నాలుగు వారాలకు మొదలవుతుంది, పూర్తి ఫలితానికి ఆరు వారాలు పట్టొచ్చు. మన దగ్గర ఐదో రోజుకే "నాకు పడలేదు" అని డబ్బా పక్కకు పోతుంది. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు తగ్గిస్తూ ఆపాలి. మన్యంకొండకు మొక్కు తీర్చుకోండి, జాన్‌పహాడ్ దర్గాకు పోయి రండి, అందులో మనసుకు కుదురు దొరుకుతుందంటే మంచిదే. దారి ఖర్చుల పేరుతో గోలీలు మాత్రం ఆపొద్దు.

రొమ్ము క్యాన్సర్‌కు టామోక్సిఫెన్ వాడేవాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ దాని పనిని తగ్గిస్తాయి. వాళ్లకు వేరే గోలీ రాస్తారు.

అసలు నష్టం జరిగేది మెడికల్ షాపులో, ఆర్‌ఎంపీ దగ్గర. "నిద్ర గోలీ" అని ఆల్ప్రాజోలం చేతిలో పెడతారు. అది చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్1 మందు. వారం పది రోజులు హాయిగా నిద్ర పడుతుంది, అందుకే మంచి పేరు. నెల దాటాక ఒకటి చాలదు, మానితే బుగులు రెట్టింపు. ఇక "బలం సూది", గ్లూకోజ్ సీసా. సీసా ఎక్కించుకుంటే ఒంట్లోకి పోయేది నీళ్లు, ఉప్పు, కాస్త చక్కెర. మంచం మీద ఓ గంట ఎవరూ పని చెప్పకుండా పడుకోనిచ్చినందుకే సగం తేలిక. ఆ పైసలకు గుడ్లు, పాలు కొనుక్కోవచ్చు.

హార్మోన్ గోలీల మీద భయమూ అతి, ఆశా అతి. ఆవిర్లతో నిద్ర చెడి, దానితో మనసు చెడినవాళ్లకు ఇవి బాగా పనిచేస్తాయి. అరవై లోపు, ముట్లు ఆగిన పదేళ్లలోపు మొదలుపెడితే చాలామందికి లాభమే ఎక్కువ. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇవ్వకూడదు, లోపలి పొర పెరిగి క్యాన్సర్ ముప్పు వస్తుంది. ప్రొజెస్టిరాన్ కలిపి ఇవ్వాలి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డ కట్టినవాళ్లకు, లివర్ జబ్బు ముదిరినవాళ్లకు ఇవ్వరు. మనసు బాగా కుంగినవాళ్లకు హార్మోన్ ఒక్కటే సరిపోదు. ముట్లు ఆగి ఏడాది దాటాక చుక్క రక్తం కనిపించినా మళ్లీ ముట్టయిందని సంబరపడకుండా అదే వారం చూపించుకోవాలి. స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర 4 మిల్లీమీటర్ల కంటే మందంగా ఉంటే ముక్క తీసి పరీక్ష చేస్తారు.

ఆగకూడని సమయం

బతకాలని లేదు, నేను లేకపోతేనే నయం అన్న మాట నోట వచ్చినా, రాతలో కనిపించినా మంగళవారం దాకా ఆగొద్దు. మనిషిని ఒంటరిగా వదలకుండా 14416కు చేయండి, ప్రమాదం ఉంటే 108. పత్తి పండించే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు గుమ్మం పక్కనే ఉంటాయి. వాటిని ఆ రోజే వేరే ఇంట్లో తాళం వేసి పెట్టించండి. "చావాలనిపిస్తుందా" అని నేరుగా అడిగితే ఆ ఆలోచన పుట్టదు, అడిగినందుకు మనిషికి కాస్త ఊపిరి ఆడుతుంది.

రెండోసారి పోయేటప్పుడు

మంగళవారం క్లినిక్ చీటీల్లో తరచూ కనిపించే ఇరకాటం ఇది: ఐరన్, కాల్షియం, థైరాయిడ్ గోలీ మూడూ ఒకే పొట్లంలో పెట్టిస్తారు, మనిషి మూడూ పొద్దున్నే కలిపి మింగుతుంది. కాల్షియం ఆ రెండింటినీ ఒంటికి పట్టనీయదు. మూడు నెలల తర్వాత రక్తం పెరగలేదు, టీఎస్‌హెచ్ తగ్గలేదు అని డోసు పెంచుతారు. థైరాయిడ్ గోలీ లేవగానే మంచినీళ్లతో వేసుకొని, చాయ్‌కు అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్ మధ్యాహ్నం, నిమ్మకాయ పిండుకున్న నీళ్లతో. చాయ్‌తో వద్దు. కాల్షియం రాత్రి అన్నంతో. థైరాయిడ్‌కూ మిగతా రెండింటికీ నాలుగు గంటల ఎడం, ఐరన్‌కూ కాల్షియంకూ రెండు గంటల ఎడం ఉంటే చాలు.

మనసు గోలీ మొదలుపెట్టిన ఆరో వారానికి వచ్చే మంగళవారం మళ్లీ పోవాలి. తొమ్మిది ప్రశ్నల లెక్క ఇంకోసారి చేయించి పాత అంకె పక్కన రాయించుకోండి. 16 ఉన్నది 8కి వచ్చిందంటే గోలీ పనిచేస్తున్నట్టు, 14 దగ్గరే ఆగిపోతే డోసో మందో మార్చమని అడిగే హక్కు మీకుంది. గోలీల పేర్లు నోరు తిరగకపోతే ఖాళీ అట్టలు పారేయకుండా రబ్బరు బ్యాండ్ వేసి తీసుకపోండి. ఆర్‌ఎంపీ ఇచ్చినవీ, కోడలు తెచ్చిన ఆయుర్వేదం డబ్బా కూడా అందులోనే పెట్టండి.